ఫిడెల్ తప్పుకున్నాక క్యూబా ఎందుకు కూలిపోలేదు? అసలు మారిందేమిటి?

మధిర_మధు
కొన్నాళ్లుగా ఒక విషయం బుర్రలో తిరుగుతోంది. 2006 జూలై 31 రాత్రి ఫిడెల్ కాస్ట్రోకి పేగుల ఆపరేషన్ అయిందని, అధికారం తాత్కాలికంగా తమ్ముడు రౌల్‌కి అప్పగిస్తున్నాడని క్యూబా టీవీలో ఆయన సెక్రటరీ ఒక ప్రకటన చదివాడు. క్యూబా నుంచి వెళ్లిపోయినవాళ్లు ఎక్కువగా ఉండే అమెరికా నగరం మయామీలో జనం హారన్లు కొట్టుకుంటూ రోడ్ల మీదకొచ్చి పండగ చేసుకున్నారు. ఇక ఆ ప్రభుత్వం నెలల్లో పడిపోతుందని చాలామంది రాశారు. పడలేదు. 2008 ఫిబ్రవరిలో అధ్యక్ష పదవి నుంచి తప్పుకున్నాడు, ఏమీ కాలేదు. 2016 నవంబర్ 25న చనిపోయాడు, అప్పుడూ ఏమీ కాలేదు. 2018లో కాస్ట్రో ఇంటిపేరు లేని మనిషి, డియాజ్ కానెల్, అధ్యక్షుడయ్యాడు, అప్పుడూ అంతే.
47 ఏళ్లు ఒక్కడే నడిపిన దేశం ఆ ఒక్కడూ పోయాక ఎలా నిలబడింది? జనం ఇష్టమా, భయమా, ఇంకేదైనా ఉందా? లింకులు పడేసి పోకుండా విడమరిచి చెప్పండి ప్లీజ్.

విజయక్క_గుంటూరు
భయమే. ఇంకేముంది?

ఎర్రబావుటా
అక్కా, అంత తేలిగ్గా తీసేస్తే ఎలా? అమెరికాకు 90 మైళ్ల దూరంలో ఉన్న చిన్న దేశం. 1962 నుంచి వాణిజ్య దిగ్బంధం. అయినా చదువు, వైద్యం అందరికీ ఇచ్చింది. 1961లో కుర్రాళ్లని పల్లెలకు పంపి ఒక్క ఏడాదిలో అక్షరాస్యత ఉద్యమం నడిపారు. ఆ తరం ఇంకా బతికే ఉంది. వాళ్లు ఫిడెల్ పోయాడని వెంటనే ఎదురు తిరుగుతారా?

పాలిటిక్స్_మాస్టారు
మధూ, ఒక్కడే నడిపాడు అన్నావు చూడు, ముందు అక్కడ ఆగాలి. గంటల తరబడి ఉపన్యాసాలు ఒక్కడివి, గోడల మీద బొమ్మ ఒక్కడిది. తుపాకులు మాత్రం మొదటి నుంచీ తమ్ముడి దగ్గరే ఉన్నాయి. 1959 నుంచి 2008 వరకు రక్షణ మంత్రి రౌలే. కమ్యూనిస్టు పార్టీలో రెండో స్థానం ఆయనదే. 1976 రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడు లేనప్పుడు మొదటి ఉపాధ్యక్షుడు బాధ్యత తీసుకోవాలి, ఆ కుర్చీ కూడా ఆయనదే. కాబట్టి 2006లో కొత్త మనిషి రాలేదు. అప్పటికే సగం పాలిస్తున్నవాడు మిగతా సగం తీసుకున్నాడు.

దీనికి పునాది 1989లో పడిందని నా అభిప్రాయం. అంగోలా యుద్ధంలో పేరు తెచ్చుకున్న జనరల్ అర్నాల్డో ఒచోవాని మాదకద్రవ్యాల కేసులో విచారించి కాల్చి చంపారు. అదే ఊపులో హోం శాఖను కడిగేసి, రౌల్‌కి నమ్మకస్తుడైన జనరల్ కొలొమే ఇబార్రా చేతిలో పెట్టారు. పోలీసులు, గూఢచారులు, సైన్యం అన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చాయి.

ఇప్పుడు వేరే దేశాలు చూడు. 1953 మార్చిలో స్టాలిన్ పోయినప్పుడు రహస్య పోలీసులు బెరియా చేతిలో ఉన్నారు, సైన్యం ఆయనకు ఎదురు ఉంది. జూన్ వచ్చేసరికి బెరియా అరెస్టు, ఏడాది తిరగకముందే మరణశిక్ష. చైనాలో మావో 1976 సెప్టెంబర్ 9న పోతే, అక్టోబర్ 6న ఆయన భార్యతో సహా అధికారం కోసం పోటీపడుతున్న నలుగుర్నీ పట్టుకుపోయారు. క్యూబా రాజధాని హవానాలో అలాంటి రాత్రి రాలేదు. ఆయుధాలున్న రెండో శిబిరం అక్కడ లేదు కాబట్టి.

విజయక్క_గుంటూరు
మాస్టారి క్లాసు మొదలైంది, వెనక బెంచీలో కబుర్లు ఆపండి 😀
కానీ నేనన్న భయం మాట కాదనలేదుగా మాస్టారూ. ఒచోవా కథ చెప్పి మీరే నిరూపించారు.

పాలిటిక్స్_మాస్టారు
భయం ఉందమ్మా, కాదనను. అయితే 1989లో తూర్పు జర్మనీలో, రుమేనియాలో కూడా భయం తక్కువేం కాదు. అక్కడ ఎందుకు కూలిందో, ఇక్కడ ఎందుకు కూలలేదో భయం ఒక్కటే చెప్పలేదు.

ఫ్లోరిడా_ఫణి
నేను మయామీ పక్కనే ఉంటాను, మా ఆఫీసులో సగం మంది క్యూబా వాళ్లే. మాస్టారు పైవాళ్ల గురించి చెప్పారు, నేను కింది జనం సంగతి చెప్తా. నాతో పనిచేసే ఒకాయన 1994 వేసవిలో తెప్ప మీద వచ్చినవాడు. ట్రక్కు టైరు ట్యూబులు, చెక్కలు, తాళ్లు. ఆ ఆగస్టులో హవానా సముద్రం ఒడ్డున మలెకాన్ రోడ్డు మీద జనం గొడవకు దిగారు. ఆ తర్వాత, దేశం వదిలి వెళ్లేవాళ్లని ఆపొద్దని ఫిడెల్ అన్నాడు. సుమారు 35 వేల మంది సముద్రంలోకి దిగారు. అంతకుముందు 1980లో మారియెల్ ఓడరేవు తెరిస్తే లక్షా 25 వేల మంది.
ఆయన నాతో ఎప్పుడూ ఒకటే అంటాడు: ఎదురు తిరిగే వయసు, ధైర్యం ఉన్నవాళ్లం అందరం ఇక్కడికి వచ్చేశాం, అక్కడ తిరగబడటానికి ఎవరు మిగిలారు?
మధూ, మీ ప్రశ్నకు నా జవాబు అదే. కోపం పేరుకున్నప్పుడల్లా తలుపు తీశారు. జర్మన్లు గోడ దూకితే జర్మనీలోనే ఉన్నారు. క్యూబా వాళ్లు దూకితే ఇంకో దేశం అయిపోయింది.

వరంగల్_వాసు
+1 ఫణి అన్నా. ఇది నేను చదివిన ఏ నోట్స్‌లోనూ ఇంత స్పష్టంగా లేదు.

ఎర్రబావుటా
తలుపు తీయడం ఒక్క హవానా పనేనా? అటువైపు నుంచి రమ్మని పిలిచే చట్టం అమెరికాదే. 1966లో చేసిన చట్టం కింద, వచ్చిన క్యూబా వాడికి ఏడాది తర్వాత శాశ్వత నివాసం అడిగే హక్కు ఉంది. మెక్సికో వాడికి ఉందా? హైతీ వాడికి ఉందా?

ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. దిగ్బంధాన్ని బిగిస్తూ అమెరికా చేసిన 1996 హెల్మ్స్-బర్టన్ చట్టంలో ఏం రాసుకున్నారో చూడండి. క్యూబాలో పరివర్తన ప్రభుత్వంగా ఎవర్నైనా గుర్తించాలంటే అందులో ఫిడెల్ ఉండకూడదు, రౌల్ కూడా ఉండకూడదు. పేర్లతో సహా రాశారు. మరి రౌల్ రేపు ఎన్ని మార్పులు చేసినా అమెరికా లెక్కలో అది మార్పు కానే కాదు. ఇంక ఏ ఆశతో మెత్తబడాలి వాళ్లు?

మా నాన్న 1992 నాటి సంగతి ఇప్పటికీ చెప్తాడు. సోవియట్ పోయి క్యూబా ఆకలితో ఉన్నప్పుడు సీపీఎం నేత సుర్జీత్ పిలుపు మీద మన దేశంలో పార్టీ కార్యకర్తలు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. 10 వేల టన్నుల గోధుమలు ఓడలో వెళ్లాయి. నాన్న కూడా మా ఊళ్లో డబ్బా పట్టుకుని తిరిగాడు. రోజు కూలి మీద బతికేవాళ్లు కూడా అందులో రూపాయి వేశారు. ఆ దేశం గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు బాధేస్తుంది.

విజయక్క_గుంటూరు
తమ్ముడూ, మీ నాన్నగారి మీద గౌరవం ఉంది. ఆ గోధుమలు తిన్న జనం మీదే నా బాధంతా. 1962లో మొదలైన రేషన్ పుస్తకం ఇప్పటికీ వాళ్ల చేతిలోనే ఉంది.

మధిర_మధు
అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ఎర్రబావుటా గారు చెప్పిన చట్టం సంగతి నిజంగా తెలియదు.
ఇప్పుడు రెండో ముక్క. కూలలేదు సరే, రౌల్ వచ్చాక ఏమైనా మారిందా లేక అన్న బొమ్మే నడిచిందా?

వరంగల్_వాసు
ఇది నేను చెప్తా, గ్రూప్స్‌కి చదువుతున్నప్పుడు దీని మీద బాగా పట్టు పట్టాను. 2008లో మొదటి వారాల్లోనే క్యూబన్లు సొంత పేరుతో మొబైల్ ఫోన్ తీసుకోవచ్చన్నారు, కంప్యూటర్ కొనుక్కోవచ్చన్నారు, టూరిస్టుల హోటళ్లలో దిగొచ్చన్నారు. వినడానికి చిన్నవి, కానీ సొంత దేశంలో హోటల్ గుమ్మం దాటనివ్వని రోజులు అంతకుముందు నడిచాయి. అదే ఏడాది ఖాళీగా పడున్న ప్రభుత్వ భూమిని సాగుకు ఇవ్వడం మొదలుపెట్టారు, సొంతానికి కాదు, అనుభవించడానికి. 2010లో 5 లక్షల మందిని ప్రభుత్వ ఉద్యోగాల్లోంచి తగ్గిస్తామని ప్రకటించి, మంగలి షాపు, టిఫిన్ సెంటర్, టాక్సీ లాంటి సొంత పనులకు లైసెన్సులు పెంచారు. 2011 నవంబర్‌లో ఇళ్లు అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు అన్నారు. 2013 జనవరిలో దేశం దాటాలంటే కావాల్సిన అనుమతి పత్రం తీసేశారు. 2014 డిసెంబర్ 17న ఒబామాతో రాజీ, 2016 మార్చిలో ఒబామా హవానా వెళ్లాడు.
వీటిలో చాలావాటికి ఫిడెల్ ఒప్పుకునేవాడు కాదని నా నమ్మకం. అన్న మంచంలో ఉండి పార్టీ పత్రిక గ్రాన్మాలో వ్యాసాలు రాసుకుంటుంటే తమ్ముడు మెల్లగా పని చేసుకుపోయాడు.

పాలిటిక్స్_మాస్టారు
వాసూ, వరస బాగుంది. ఇందులో అన్నిటికంటే పెద్దది నువ్వు వదిలేశావు. 2011 ఏప్రిల్ పార్టీ మహాసభలో, ఏ పెద్ద పదవిలోనైనా రెండు ఐదేళ్ల కాలాలకు మించి ఉండకూడదని రౌలే ప్రతిపాదించాడు. అన్నదమ్ములిద్దరూ అర్ధ శతాబ్దం కూర్చున్న దేశంలో! తర్వాత వచ్చేవాళ్లని తయారు చేసుకోలేదని అదే సభలో పైకే ఒప్పుకున్నాడు. 2013లో మళ్లీ ఎన్నికైనప్పుడు 2018లో దిగిపోతానని చెప్పాడు, చెప్పినట్టే దిగాడు.

చెరకుతోట
మాది చెరకు ఊరు, అందుకని అడుగుతున్నా. క్యూబా అంటే చక్కెర అని చిన్నప్పుడు పుస్తకంలో చదువుకున్నాం. ఇప్పుడేమైంది ఆ చక్కెర?

ఫ్లోరిడా_ఫణి
అడగొద్దు అన్నా, కడుపు తరుక్కుపోతుంది. 1990 ప్రాంతంలో ఏటా 80 లక్షల టన్నుల దాకా తీసేవాళ్లు. సోవియట్ మార్కెట్ పోయింది, విడిభాగాలు లేవు, డీజిల్ లేదు. 2002లో ఫిడెల్ ఉండగానే దాదాపు సగం మిల్లులు మూసేశారు. 2022 సీజన్‌కి 5 లక్షల టన్నులు కూడా రాలేదు. చక్కెర దిగుమతి చేసుకోవాల్సిన స్థితి.

చెరకుతోట
80 నుంచి 5 లోపుకా! మిల్లు మూసేస్తే దాని చుట్టూ ఉన్న ఊరి బతుకు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. హోటలు ఒకచోట పోతే ఇంకోచోట కట్టుకోవచ్చు. చెరకు రైతు ఒకసారి పొలం వదిలాడంటే మళ్లీ రాడు.
భూమి అనుభవించడానికే ఇచ్చారు, సొంతానికి కాదు అన్నారు కదా వాసు గారూ. అక్కడే పోయింది. రేపు వెనక్కి లాక్కుంటారేమో అనుకున్న భూమిలో ఎవడు బోరు వేస్తాడు, ఎవడు గట్టు పోస్తాడు?

విజయక్క_గుంటూరు
చెరకుతోట గారి ఈ ఒక్క పోస్టూ పైన పెద్ద పోస్టులన్నిటికీ సమానం.

వరంగల్_వాసు
వియత్నాంతో పోల్చి చూడండి. అక్కడి పార్టీ అధినేత లే జువాన్ 1986 జూలైలో చనిపోయాడు. అదే ఏడాది డిసెంబర్ మహాసభలో దోయ్ మోయ్ సంస్కరణలు ప్రకటించారు. కొన్నేళ్లలోనే రైతు కుటుంబాలకు దీర్ఘకాలం భూమి హక్కులిచ్చారు. బియ్యం కొనుక్కునే దేశం 1989కల్లా బియ్యం ఎగుమతి చేసింది. పార్టీ పెత్తనం అలాగే ఉంది, జనం కడుపు నిండింది. క్యూబా ఆ దారి ఎందుకు పట్టలేదు?

పాలిటిక్స్_మాస్టారు
చాలా కారణాలున్నాయి. వియత్నాంలో, చైనాలో అప్పటికి నూటికి 75-80 మంది పల్లెల్లో ఉన్నారు. భూమి వదిలేస్తే చాలు, ఉత్పత్తి దానంతట అదే పెరిగింది. క్యూబాలో తలకిందులు, నూటికి 75 మంది పట్టణాల్లో. వాళ్లకు ప్రభుత్వ జీతం తప్ప వేరే ఆధారం లేదు. ఎర్రబావుటా చెప్పిన దిగ్బంధం రెండోది. వియత్నాం మీద అమెరికా ఆంక్షలు 1994లో ఎత్తేసింది, క్యూబా మీద ఎత్తలేదు.
కానీ నా దృష్టిలో అసలు కారణం, సోవియట్‌లో సంస్కరణలు మొదలుపెట్టిన గోర్బచేవ్. ఒక ఇటుక కదిపితే గోడంతా పడుతుందని మాస్కోలో చూసిన తరం అది. తొందర లేకుండా, ఆగకుండా అనేది రౌల్ నినాదం. తొందర లేదన్నది పాటించారు. ఆగకుండా అన్నది మాత్రం పాటించలేదు. 2016లో ఒబామా వెళ్లిపోయాక, ఆ తర్వాత 2017లో కొత్త లైసెన్సులు ఆపేశారు. ఎవరైనా నాలుగు డబ్బులు కూడబెడితే గుండె ఝల్లుమంటుంది వాళ్లకి.

ఎర్రబావుటా
డబ్బు కూడబెట్టిన వాడి వెనక మయామీ పెట్టుబడి ఉంటుందనే భయం కూడా ఉంటుంది మాస్టారూ. అది ఊహ కాదు. 1961లో అమెరికా అండతో క్యూబా తీరంలో బే ఆఫ్ పిగ్స్ దగ్గర దాడి చేసింది దేశం వదిలి వెళ్లిన క్యూబా వాళ్లే కదా?

ఫ్లోరిడా_ఫణి
ఎర్రబావుటా, దిగ్బంధం తప్పే. ఐక్యరాజ్యసమితిలో 1992 నుంచి ప్రపంచం దాదాపు మొత్తం దాన్ని ఖండిస్తూనే ఉంది. కానీ అన్నీ దాని ఖాతాలో వేస్తే ఎలా? 2000లో చట్టం మార్చాక అమెరికా నుంచి ఆహారం నగదు ఇచ్చి కొనుక్కోవచ్చు. క్యూబా వాడు తినే కోడి మాంసంలో బోలెడంత అమెరికా నుంచే వెళ్తుంది. ఆ నగదు ఎక్కడికి పోతుందనేది ప్రశ్న. గయేసా అని సైన్యం నడిపే కంపెనీల గుంపు ఉంది. హోటళ్లు, డాలర్ దుకాణాలు, డబ్బు పంపే వ్యాపారం చాలావరకు దానివే. చాలా ఏళ్లు దాన్ని నడిపింది రౌల్ మాజీ అల్లుడు. జనం కరెంటు లేక చీకట్లో ఉంటే హవానాలో కొత్త హోటళ్లు లేస్తున్నాయి.

పాలిటిక్స్_మాస్టారు
ఫణి చెప్పిన గయేసాకి పునాది కూడా సోవియట్ పోయిన రోజుల్లోనే పడింది. దేశం ఆదాయం మూడో వంతు పడిపోయింది. ఫిరంగుల కంటే చిక్కుడు గింజలు ముఖ్యం అని రౌల్ ఆ రోజుల్లోనే అన్నాడు. సైన్యాన్ని కుదించి అధికారుల్ని హోటళ్లకు, పొలాలకు పంపాడు. 2006 వచ్చేసరికి డాలర్ ఎక్కడుందో సైన్యం అక్కడుంది. ప్రభుత్వం పడిపోతే ఆ జనరళ్లు ఉద్యోగం ఒక్కటే కాదు, ఆస్తులూ పోగొట్టుకుంటారు. మధూ, కూలకపోవడానికి ఇదీ ఒక జవాబు.

దోహా_నర్సమ్మ
ఇన్ని పోస్టుల్లో డాక్టర్ల మాట రాలేదేంటి? నేను ఖతార్‌లో పనిచేసేటప్పుడు క్యూబా నర్సులు పరిచయం అయ్యారు. పనిలో వాళ్లంత నేర్పు, ఓపిక నేను తక్కువ చూశాను. కానీ మాకు వచ్చే జీతం మా ఖాతాలో పడేది. వాళ్ల తరఫున వచ్చే డబ్బులో ఎక్కువ భాగం వాళ్ల ప్రభుత్వం ఉంచుకునేది. ఒకామె చిన్న కూతుర్ని అమ్మ దగ్గర వదిలి వచ్చింది. మధ్యలో మానేసి వేరే దేశం వెళ్లిపోతే ఏళ్ల తరబడి ఇంటికి రానివ్వరని చెప్పింది. అయినా ఫిడెల్ పేరు ఎత్తితే ఆమె గొంతు మారిపోయేది, మర్యాదగా మాట్లాడేది. ఆమెను చదివించింది ఆ వ్యవస్థే అని ఆమె మర్చిపోలేదు. ఇష్టం, కోపం రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. మీరు ఇష్టమా భయమా అని రెండు గళ్లు గీసి అడిగితే ఆమె ఏ గడిలోనూ పట్టదు.

ఎర్రబావుటా
నర్సమ్మ గారూ, నమస్కారం. ఇది రాసినందుకు థాంక్స్.

మధిర_మధు
నర్సమ్మ గారి పోస్టు చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు.
సరే, ఇప్పుడున్న డియాజ్ కానెల్ సంగతి? ఈయన ఎక్కడి నుంచి వచ్చాడు?

విజయక్క_గుంటూరు
ఇది నేను చెప్తా, మాస్టారు కాస్త టీ తాగండి. ఆయన ఎందుకు మిగిలాడో తెలియాలంటే ఎవరు పోయారో చూడాలి. 90ల్లో వెలిగిన విదేశాంగ మంత్రి రొబైనాని 1999లో తీసేశారు. ఉపాధ్యక్షుడు కార్లోస్ లాహే, విదేశాంగ మంత్రి పెరెస్ రోకే ఇద్దరూ రేపటి నాయకులని ప్రపంచమంతా రాసింది. 2008లో రెండో స్థానం లాహేకి వస్తుందనుకుంటే 77 ఏళ్ల మచాదో వెంతూరాకి ఇచ్చారు. 2009 మార్చిలో లాహే, రోకే ఇద్దర్నీ ఇంటికి పంపారు. అధికారపు తేనె రుచి మరిగారని ఫిడెల్ స్వయంగా రాశాడు. ఇంక మెరిసినవాడు ఎవడు మిగిలాడు? మెరవకుండా ఉన్నవాడు మిగిలాడు. 1960లో పుట్టిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్, విల్లా క్లారా, ఓల్గిన్ రాష్ట్రాల్లో పార్టీ కార్యదర్శిగా ఏళ్ల తరబడి పనిచేశాడు. కష్టకాలంలో విల్లా క్లారాలో సైకిల్ మీద తిరిగేవాడని మంచి పేరే ఉంది. 2018 ఏప్రిల్‌లో అధ్యక్షుడిగా ఎన్నుకున్నప్పుడు పార్లమెంటులో 604 ఓట్లలో 603 పడ్డాయి.

వరంగల్_వాసు
ఆ ఒక్క ఓటు ఎవరిదో అక్కా 😄

ఫ్లోరిడా_ఫణి
పాపం ఆయన పట్టిందల్లా బూడిదైంది. వెనిజులా నుంచి వచ్చే చమురు తగ్గింది, ట్రంప్ ఆంక్షలు పెంచాడు, కోవిడ్‌తో టూరిస్టులు ఆగిపోయారు. సరిగ్గా అప్పుడే 2021 జనవరి 1న రెండు కరెన్సీలను ఒకటి చేశారు. రౌల్ పదేళ్లు వాయిదా వేసుకుంటూ వచ్చిన పని అది. డాలర్‌కి 24 పెసోలని రేటు కట్టారు. బయట రేటు చూస్తుండగానే ఎన్నో రెట్లు అయింది. పింఛనుదారులు మునిగిపోయారు.
2021 జూలై 11న శాన్ ఆంటోనియో దె లోస్ బాన్యోస్‌లో జనం రోడ్డెక్కితే గంటల్లో దేశమంతా పాకింది. ఫోన్లలో ఇంటర్నెట్ 2018 చివర్లో వచ్చింది కదా, అది లేకుంటే అంత త్వరగా పాకేది కాదు. 1994లో గొడవ జరిగినప్పుడు ఫిడెల్ నేరుగా మలెకాన్‌కి నడిచి వెళ్తే, రాళ్లు పట్టుకున్నవాళ్లలో కొందరు ఆయన పేరే అరిచారు. ఈయన కూడా ఆ ఊరు వెళ్లాడు, కాదనను. కానీ టీవీలో కూర్చుని పోరాటానికి ఆదేశం ఇచ్చేశాం, విప్లవకారులు వీధుల్లోకి రండి అన్నాడు. వందల మందికి జైలు. కొందరికి 20 ఏళ్ల పైనే శిక్ష. కుర్చీ చేతికొచ్చింది, ఆ మాట మీదుండే విలువ రాలేదు.

పాలిటిక్స్_మాస్టారు
నేను చెప్పాలనుకున్నది ఫణి చెప్పేశాడు. వారసత్వం జరిగింది, పరివర్తన జరగలేదు. మొదటిదాంట్లో వాళ్లంత జాగ్రత్తగా చేసినవాళ్లు కమ్యూనిస్టు దేశాల్లో అరుదు. 2006 నుంచి 2021 వరకు పదిహేనేళ్లు, ఒక్కో పదవీ విడివిడిగా, ఒక్క తుపాకీ పేలకుండా. ఆ జాగ్రత్త అంతా పైవాళ్లు పడిపోకుండా ఉండటానికే ఖర్చయింది. చెరకుతోట గారి పొలం దాకా రాలేదు.

ఎర్రబావుటా
2019 రాజ్యాంగంలో ప్రైవేటు ఆస్తికి గుర్తింపు ఇచ్చారు, 2021లో వందమంది దాకా పనివాళ్లున్న ప్రైవేటు కంపెనీలకు అనుమతి ఇచ్చారు. అది పరివర్తన కాదా?

పాలిటిక్స్_మాస్టారు
2011లో చేసుంటే అయ్యేది నాయనా. 2021లో చేసేసరికి ఆ కంపెనీ పెట్టాల్సిన కుర్రాడు ఇల్లు అమ్మి టికెట్ కొన్నాడు.

ఫ్లోరిడా_ఫణి
అవును. 2021 నవంబర్‌లో నికరాగువా వీసా అక్కర్లేదంది. 2022లో ఒక్క ఏడాదిలో అమెరికా సరిహద్దుకు 2 లక్షలకు పైగా వచ్చారు. మారియెల్ కంటే ఎక్కువ. మా ఆఫీసులోకి అలా వచ్చిన కుర్రాడు సివిల్ ఇంజనీర్, ఇక్కడ గోడౌన్‌లో డబ్బాలు మోస్తున్నాడు. 2024 అక్టోబర్‌లో మతాన్సాస్‌లోని గితేరాస్ విద్యుత్ కేంద్రం ఆగిపోయి దేశం మొత్తం కరెంటు పోయినప్పుడు, వాళ్లమ్మకి ఫోన్ కలవక పనిలోనే కూర్చుండిపోయాడు.

ఎర్రబావుటా
ఆ కుర్రాడి బాధ నాకూ బాధే ఫణి గారూ. దిగ్బంధం ఎత్తేసి చూడమనండి, అప్పుడు ఎవరి తప్పు ఎంతో తేలుతుంది. అంతవరకు నేను మీతో పూర్తిగా ఏకీభవించలేను.

విజయక్క_గుంటూరు
ఎత్తేయాలి. అందులో నీతోనే ఉన్నాను తమ్ముడూ. జైల్లో ఉన్న పిల్లల్ని కూడా వదలాలి, అందులో నువ్వు నాతో ఉండు.

ఎర్రబావుటా
ఉంటా అక్కా.

మధిర_మధు
చివరిగా ఒకటి. డియాజ్ కానెల్ రెండో కాలం 2023లో మొదలైంది, అంటే 2028 వరకు. తర్వాత ఎవరో తెలుసుకోవాలంటే ఏం గమనించాలి?

వరంగల్_వాసు
పార్లమెంటు ఓటు కంటే పార్టీ మహాసభని చూడు బ్రో. రౌల్ 2018లో అధ్యక్ష పదవి వదిలాడు కానీ పార్టీ మొదటి కార్యదర్శి పదవి 2021 ఏప్రిల్ దాకా దగ్గరే పెట్టుకున్నాడు, అప్పుడే అది డియాజ్ కానెల్‌కి వచ్చింది. ఆ పదవి వేరే మనిషికి వెళ్లిన రోజు అసలు సంగతి తెలుస్తుంది. గయేసా పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో దాంతోపాటే చూస్తుండు.